మాటల్లేని అక్కను ముందు అడగండి

మనిషి కనిపించడం లేదంటూ ఇంటిల్లిపాదీ స్టేషన్‌కి వచ్చినప్పుడు, ఆ తప్పిపోయిన మనిషితో ఎవరికి మాటల్లేవో కనుక్కుని ముందు వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాలి. మా డిపార్ట్‌మెంట్‌లో జరిగేది దీనికి తలకిందులు. "మాకు నాలుగేళ్ళుగా రాకపోకల్లేవండీ" అని ఎవరైనా ఒక్క మాట అన్నారంటే చాలు, స్టేషన్ రైటర్ వాళ్ళ వైపు చూడటం మానేసి, రాకపోకలున్న వాళ్ళెవరైనా వచ్చారా అని వెనకాల వెతుకుతాడు. ఎస్సైగా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యేదాకా కోస్తాలో నేను పనిచేసిన ప్రతిచోటా ఈ అలవాటు చూశాను. దీని గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉన్నా, కలం పట్టించింది మాత్రం ఒక అమెరికా క్రైమ్ నవల.

నవల పేరు 'లాంగ్ బ్రైట్ రివర్'. రాసినావిడ లిజ్ మూర్. 2020 జనవరిలో వచ్చింది. ఆ ఏడాది తనకు నచ్చిన పుస్తకాల జాబితాలో ఒబామా దీన్నీ చేర్చాడు. 2025 మార్చిలో పీకాక్ అనే ఓటీటీలో ఎనిమిది ఎపిసోడ్ల సీరీస్‌గా వచ్చింది, అందులో అమండా సైఫ్రిడ్ పోలీసు వేషం వేసింది. కథ జరిగేది ఫిలడెల్ఫియా నగరంలోని కెన్సింగ్టన్ అనే పేటలో. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. తల్లి మత్తుమందు మోతాదు మించి చనిపోతే అమ్మమ్మ పెంచింది. పెద్దది మికీ, ఆ పేటలోనే గస్తీ తిరిగే పోలీసు. చిన్నది కేసీ, మత్తుకు బానిసై అదే పేట రోడ్ల మీద ఒళ్ళమ్ముకుని బతుకుతుంటుంది. ఒకరి కంట ఒకరు పడుతూనే ఉంటారు గానీ మాటల్లేవు. ఇంతలో కేసీ జాడ తెలియకుండా పోతుంది. అప్పుడే ఆ పేటలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు హత్యకు గురవుతుంటారు. ఆడమనిషి శవం ఉందని వైర్‌లెస్‌లో పిలుపు వచ్చినప్పుడల్లా మికీకి ముందు వచ్చే ఆలోచన ఒక్కటే, అది నా చెల్లెలేమోనని.

మా అమ్మాయి వాళ్ళు ఆ నగరానికి పడమటి వైపు శివార్లలో ఉంటారు. సాయంత్రం నడకకి వెళ్తే "ఏ ఊరండీ మీది" అని పలకరించే తెలుగువాళ్ళు అక్కడ బోలెడు మంది. నవల చదివాక ఆ పేట చూపించమని మా అల్లుణ్ణి పోరాను. తీసుకెళ్ళాడు కానీ కారు ఆపలేదు, అద్దం దించనివ్వలేదు. రోడ్డు పొడవునా ఇనుప స్తంభాలు, వాటి మీద మెట్రో రైలు. ఆ వంతెన నీడలో పట్టపగలు మనుషులు నిలబడే నడుం దగ్గర విరిగినట్టు వంగిపోయి ఉన్నారు. ఫెంటానిల్‌లో జైలజీన్ అనే పశువులకిచ్చే మత్తుమందు కలిపి అమ్మేవారట, దాని ప్రభావం. 2017లో ఒక్క ఫిలడెల్ఫియాలోనే మోతాదు మించి చచ్చిపోయినవాళ్ళు 1,217 మంది. నవలలో మికీ తిరిగే రోడ్డు ఇదే. ఇన్ని చావుల మధ్య ఒక ఆడమనిషి కనిపించకపోతే ఎవరు పట్టించుకుంటారు? అందుకే వెతికే మనిషి అక్క అయింది.

చకచకా పరుగెత్తే థ్రిల్లర్ కావాలనుకుని దీన్ని తెరిస్తే కాస్త నిరాశ తప్పదు. హత్యలు, వెంటాడటాలు, చివర్లో ఊపిరి బిగబట్టించే ఘట్టాలు అన్నీ ఉన్నాయి. కానీ ఒక అధ్యాయం ఇప్పటి కథ, ఇంకో అధ్యాయం అప్పటి కథ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్న రోజుల్లోకి కథ మాటిమాటికీ వెళ్ళిపోతుంది. మా మనవడికి ఆ పాత కథలు విసుగు. నాకు మాత్రం దర్యాప్తంతా అక్కడే జరుగుతున్నట్టు అనిపించింది. కేసీ ఎవరి దగ్గరికి పోతుంది, డబ్బుకి ఎవర్ని అడుగుతుంది, ఏ అబద్ధం ఎలా చెబుతుంది, ఇవన్నీ మికీకి పదేళ్ళ వయసు నుంచీ తెలిసినవి. టవర్ లొకేషన్ మనిషి చివరిసారి ఎక్కడున్నాడో చెబుతుంది. అక్కణ్ణుంచి ఎటు వెళ్ళి ఉంటాడో చెప్పేది చిన్నప్పటి సంగతులే.

పోలీసుగా నాకు ఒక పేచీ ఉంది. అక్కడ గస్తీ పోలీసు వేరు, డిటెక్టివ్ వేరు. మికీ గస్తీ మనిషి, దర్యాప్తు ఆవిడ పని కాదు. డ్యూటీలో ఉండి సొంత చెల్లెలి కోసం పేటంతా తిరుగుతుంది, తెలిసిన సంగతులు పైవాళ్ళ దగ్గర దాస్తుంది. నా కింద పనిచేసి ఉంటే ఆ వారంలోనే మెమో చేతికిచ్చేదాన్ని. దర్యాప్తు అధికారికి బాధితులతో చుట్టరికం ఉందని తేలితే డిఫెన్స్ లాయరు కోర్టులో కేసుని చీల్చి చెండాడతాడు. మన సినిమాల్లోనూ ఇదే వరస. 'దృశ్యం'లో కనిపించకుండా పోయిన కుర్రాడి కోసం వెతికే ఐజీ స్వయానా వాడి తల్లి. 2020లో వచ్చిన 'హిట్'లో తను ప్రేమించిన అమ్మాయి కనిపించకపోతే హీరో ఇంకో మిస్సింగ్ కేసు చేతిలోకి తీసుకుని దాని చాటున ఈ అమ్మాయిని వెతుకుతాడు. కథకి అది రక్తి కట్టిస్తుంది, కాదనను. నేను అడిగేది చుట్టాన్ని దర్యాప్తు అధికారిని చేయమని కాదు. చుట్టాన్ని సరిగ్గా అడగమని.

మా చిన్నతనంలో డిటెక్టివ్ అంటే యుగంధరే. కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు అద్దెకు తెచ్చుకుని, అమ్మ చూడకుండా తెలుగు వాచకంలో పెట్టుకుని చదివేవాళ్ళం. యుగంధర్‌కి, అసిస్టెంటు రాజుకి ఇంటి గొడవలు ఉండేవి కావు. ఎవరి ఇంట్లో హత్య జరిగినా తీరిగ్గా వచ్చి, బయటివాళ్ళుగా చూసి, తేల్చేసి వెళ్ళిపోయేవాళ్ళు. డిటెక్టివ్ అంటే ఏ సంబంధమూ లేని మనిషి అన్న అభిప్రాయం మా తరానికి అక్కడే నాటుకుంది. దర్యాప్తు అధికారి వరకు అది సరైనదే. సాక్షుల విషయంలో కూడా అదే కొలత వాడటం దగ్గరే చిక్కు.

గుర్తు తెలియని ఆడవాళ్ళ శవాల సంగతి చెబుతాను. పేపర్లో జిల్లా పేజీ కింద చిన్న వార్తలు వస్తుంటాయి: వయసు సుమారు 30, చామనఛాయ, ఆకుపచ్చ చీర, గుర్తు తెలిసినవారు ఫలానా నంబరుకి ఫోన్ చేయవలెను. ఆ నాలుగు వరసలు రాయడానికి ముందు మేము శవ పంచనామాలో చాలా చూస్తాం. మా రోజుల్లో మొదట వెతికేది జాకెట్టు మెడ వెనకాల టైలరు కుట్టిన లేబుల్. దాని మీద షాపు పేరు, ఊరు ఉండేవి. ఒక్కోసారి ఆ చిన్న గుడ్డముక్కతోనే సాయంత్రానికల్లా ఇల్లు దొరికేది. నైటీలు, రెడీమేడ్ కుర్తీలు వచ్చాక ఆ ఆధారం చాలావరకు పోయింది. తర్వాత మంగళసూత్రం. పుస్తెలు ఏ తీరుగా ఉన్నాయి, మధ్యలో నల్లపూసలా పగడాలా అన్నదాన్ని బట్టి ఏ ప్రాంతమో, ఏ కులమో కొంత అంచనా దొరుకుతుంది. మెట్టెలు, ముక్కుపుడక ఎటువైపు, చేతి మీద పచ్చబొట్టుంటే అందులో పేరు. చంపినవాడు తెలివైనవాడైతే ఇవన్నీ తీసేస్తాడు. అప్పుడు మిగిలేది ఒంటి మీది గుర్తులే.

ఒంటి గుర్తుల విషయంలో భర్తలు పనికిరారు. కోపంతో అంటున్న మాట కాదు, చూసి చెబుతున్నాను. భార్య ఆ రోజు ఏ రంగు చీర కట్టుకుని వెళ్ళిందో కూడా తప్పు చెప్పినవాళ్ళు ఉన్నారు. తల్లుల్ని మార్చురీ గుమ్మం దాటించలేం. అన్నదమ్ములు ముఖం చూసి, ముఖం చెడిపోయి ఉంటే ఏమీ చెప్పలేక బయటికొచ్చేస్తారు. తోడబుట్టిన ఆడపిల్ల మాత్రం పాదాలు చూపించమంటుంది. రెండో వేలు బొటనవేలికన్నా పొడుగు, మోచేతి కింద కుంపటి అంటుకున్న మచ్చ, కుడి చెవికి రెండోసారి కుట్టించినప్పుడు పుండు పడి గట్టిపడిన చోటు. ఆ మచ్చ ఎప్పుడు పడింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఎవర్ని తోశారు అన్నదాకా చెబుతుంది. పదేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కకపోయినా చెబుతుంది. డీఎన్ఏ రిపోర్టు ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి రావడానికి పట్టే కాలంలో ఇలాంటి సాక్ష్యమే దర్యాప్తుకి దారి చూపిస్తుంది. అలాంటి మనిషిని "మీకు మాటల్లేవు కదా" అని గుమ్మంలోనే ఆపేస్తున్నాం.

ఒక కేసు చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఊరి పేరు వద్దు. భార్య కనిపించడం లేదని భర్తే వచ్చాడు. రాత్రి బస్సుకి హైదరాబాద్ వెళ్ళింది, ఏదో ఉద్యోగమట, దిగాక ఫోన్ చేస్తానంది, ఫోన్ స్విచ్చాఫ్ అన్నాడు. స్టేషన్ బృందాన్ని హైదరాబాద్ పంపే ఏర్పాట్లు అవుతున్నాయి. మర్నాడు ఆ భార్య అక్క వచ్చింది, ఎవరూ పిలవకుండానే. వస్తూనే, "మా చెల్లెలు బస్సెక్కదు మేడం" అంది. చిన్నప్పట్నుంచీ బస్సంటే వాంతులట. రైలు దొరక్కపోతే పెళ్ళిళ్ళు కూడా మానుకునేదట. అక్కడున్న ఒకాయన తాపీగా, "నాలుగేళ్ళుగా మాటల్లేవంటున్నావు, ఇప్పుడు ఎక్కుతుందో లేదో నీకెలా తెలుసమ్మా?" అన్నాడు. ఆవిడ తగ్గలేదు. "మాటలు మానేస్తే వాంతులు మానేస్తాయా అండీ?" అంది.

భర్త అబద్ధం చెప్పాడా, భార్యే భర్తతో అబద్ధం చెప్పి వెళ్ళిందా అన్నది అప్పటికి తెలియదు. ఎలా చూసినా బస్సు మాత్రం అబద్ధం. బస్టాండు వదిలేసి రైల్వే స్టేషన్ కెమెరాలు చూశాం. వెళ్ళింది హైదరాబాద్ వైపు కాదు, గోదావరి దాటి అవతలికి. ఆ వైపు తనకి ఎవరున్నారని భర్తని అడిగితే ఎవరూ లేరన్నాడు. అక్కని అడిగితే పదో తరగతిలో పక్కన కూర్చున్న స్నేహితురాలి పేరు, వాళ్ళ నాన్న పనిచేసిన మిల్లు పేరు చెప్పింది. మనిషి ఆ ఇంట్లోనే దొరికింది, క్షేమంగా. మేజరు కాబట్టి, ఇష్టపూర్వకంగా వచ్చానని స్టేట్‌మెంట్ ఇచ్చింది కాబట్టి, తన చిరునామా ఎవరికీ చెప్పొద్దని కోరింది కాబట్టి, మేమూ చెప్పలేదు. ఇంట్లో ఆవిడ పడ్డ దెబ్బల సంగతి తర్వాత వేరే కేసు అయింది. ఎవరు వెతికించారని అడిగితే మీ అక్క అన్నాను. "దానికెందుకు?" అంది, మొహం చిట్లించి. సినిమాలో అయితే ఇద్దర్నీ కౌగిలించుకోమనేవాళ్ళు. వాళ్ళిద్దరూ నాకు తెలిసినంతవరకు ఇప్పటికీ మాట్లాడుకోరు.

కెన్సింగ్టన్‌లో అక్కాచెల్లెళ్ళని విడదీసింది మత్తుమందు. మన దగ్గర ఎక్కువగా విడదీసేది ఆస్తి. అందులో చట్టం పాత్ర కూడా ఉందని చాలామందికి గుర్తుండదు. ఆడపిల్లకి తండ్రి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. దేశానికే దారి చూపిన సవరణ, అందులో సందేహం లేదు. కానీ ఆ తేదీకి ముందు పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఆ హక్కు వర్తించదు. అంటే ఒకే తండ్రికి పుట్టినా, ఆ ఏడాది జూన్‌లో పెళ్ళయిన అక్కకి లేదు, పెళ్ళి కాని చెల్లెలికి ఉంది. అన్నదమ్ములు హాయిగా పక్కకు తప్పుకున్నారు, అక్కలు చెల్లెళ్ళని చూసి పళ్ళు నూరారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్న గొడవని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈలోగా ఇరవై ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. నా దగ్గరికి వచ్చిన తోబుట్టువుల తగాదాల్లో, తవ్వుకుంటూ పోతే, ఆ తేదీ దగ్గర ఆగినవి తక్కువేమీ కాదు. ఇప్పుడు అరవై దాటిన ఆ అక్కలూ చెల్లెళ్ళూ మాట్లాడుకోరు. అయినా ఒకరి బీపీ మాత్ర పేరు ఇంకొకరికి తెలుసు.

దగ్గర మనిషికి తెలియనివి ఎడబాటైన మనిషికి తెలియడంలో వింతేమీ లేదు. మాటలున్నవాళ్ళకి తప్పిపోయిన మనిషి రోజువారీ అలవాటు. కోపమున్నవాళ్ళు దూరం నుంచే కనిపెట్టుకుని ఉంటారు. ఎవరి పెళ్ళిలో ఏ నగ వేసుకొచ్చింది, ఆ నగ మళ్ళీ కనబడలేదేం, తాకట్టు పెట్టిందా, ఏ షావుకారు దగ్గర? నగ తాకట్టులో ఉందని భర్తకి తెలియని కేసులో అక్కకి తెలిసి ఉండటం నేను చూశాను. టీవీ సీరియళ్ళు ఈ కనిపెట్టుకుని ఉండటాన్ని ఒట్టి అసూయగా చూపించి వదిలేస్తాయి. ఒకే మొగుడి కోసం కొట్టుకునే అక్కాచెల్లెళ్ళతో వందల ఎపిసోడ్లు నడుస్తాయి. వాళ్ళలో ఒకరు తప్పిపోతే రెండోవాళ్ళకి ఏం తెలిసి ఉంటుందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాదు. ఎంత మంచి క్రైమ్ కథలు చేజారిపోతున్నాయో!

మాటల్లేనివాళ్ళ మాట వినడంలో ప్రమాదం లేదనను. పగతో తప్పుడు ఫిర్యాదులు ఇచ్చినవాళ్ళు ఉన్నారు, చెల్లెలు కనిపించట్లేదని బావ మీద కేసు పెట్టి ఇంటి పత్రాల కోసం బేరమాడినవాళ్ళూ ఉన్నారు. ఇంకో చిక్కు నవలలోనే బాగా కనిపిస్తుంది. మికీకి తెలిసిన కేసీ పాత కేసీ. చెల్లెలి గురించి తను ఖాయంగా నమ్మినవి కొన్ని తప్పని ఆమెకి ఆలస్యంగా తెలుస్తుంది. పైగా కథ చెబుతున్నది తనే కాబట్టి, మన దగ్గర కూడా ఒక పెద్ద సంగతి దాచి, సగం పుస్తకం అయ్యాక బయటపెడుతుంది. అదేమిటో చదవబోయేవాళ్ళకి చెప్పి పాడుచేయను. హంతకుడు ఎవరన్నది నాకు అంత నచ్చలేదు, కొంచెం చేతికందేంత దగ్గరగా పెట్టింది రచయిత్రి. కానీ అక్క సాక్ష్యం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పక్కదారి పట్టిస్తుంది అన్నది ఇంత కచ్చితంగా పట్టుకున్న పుస్తకం నేను ఇంకోటి చదవలేదు. మా ట్రైనింగ్ కాలేజీల్లో చదివించవచ్చు. ఏ సాక్షి మాటనైనా సరిచూసుకోవాల్సిందే, చుట్టమైతే ఇంకాస్త ఎక్కువగా. సరిచూడటానికి ముందు వినాలి కదా.

మాటలున్నవాళ్ళు చెప్పినా వినకపోవడం ఉంది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర హత్యకు గురైన పశువైద్యురాలు చివరిగా ఫోన్‌లో మాట్లాడింది చెల్లెలితో. వాళ్ళది మాటలున్న కుటుంబమే. అయినా ఇంట్లోవాళ్ళు ఫిర్యాదుకి వెళ్తే పరిధి మాది కాదన్న మాట వినాల్సి వచ్చింది. తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. మాటలున్న చెల్లెలి గతే అదైతే, మాటల్లేని అక్క గతి వేరే చెప్పాలా?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 173లో పరిధితో పనిలేదని రాసిపెట్టింది. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం (కాగ్నిజబుల్) జరిగిందన్న సమాచారం ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. ఫోన్ ద్వారానో కంప్యూటర్ ద్వారానో పంపినా సరే, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే చాలు. చుట్టరికం నిరూపించుకోమనిగానీ, సఖ్యతగా ఉన్నామని రాసివ్వమనిగానీ ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. రిటైరయ్యాక కూడా నాకు తెలిసినవాళ్ళ ద్వారా ఆడవాళ్ళు ఫోన్ చేసి, "మేం మాట్లాడుకోం కదా, నేను కంప్లయింట్ ఇవ్వొచ్చా అండీ?" అని అడుగుతుంటారు. ఇవ్వొచ్చు. వెళ్ళేటప్పుడు ఫోటో పట్టుకెళ్ళండి, పాతదైనా ఫరవాలేదు. ఒంటి మీది గుర్తులు, వాడే మందులు, చదువుకున్న స్కూలు, అప్పటి స్నేహితుల పేర్లు, ఎక్కని బండి, తినని కూర, గుర్తొచ్చినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మీ తగాదా ఏమిటో కూడా దాచకుండా మొదటే చెప్పేయండి, తర్వాత వాళ్ళంతట వాళ్ళకి తెలిస్తే మీ మాట విలువ పోతుంది. తీసుకోం అంటే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, అదీ అదే సెక్షన్‌లో ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. అడిగి తీసుకోండి.